తూచని తీత

బుల్లయ్య గారికి ఒక జబ్బు ఉండేది. మనుషుల్ని నమ్మడం. ఆఫీసులో ఎవరు ఏ కాగితం తెచ్చి ముందు పెట్టినా కళ్ళజోడు కూడా తగిలించుకోకుండా సంతకం పెట్టేసేవారు. "నువ్వు రాశావు కదా, ఇంక నేను చూసేదేముంది" అనేవారు. ఆ మాటకి తక్కిన గుమాస్తాలు పొంగిపోయేవాళ్ళు. జైనాబీకి మాత్రం గుండెల్లో రాయి పడేది.

ఇది అరవై ఎనిమిదో సంవత్సరం నాటి సంగతి. గుంటూరు బ్రాడీపేటలో ఒక అద్దె మేడ మీద పత్తి పరిశోధన తాలూకు లెక్కల విభాగం ఉండేది. బుల్లయ్య గారు దానికి అధికారి. ఆ ఏడాదితో ఆయన ఉద్యోగం అయిపోతుంది. జైనాబీ ఆయన కింద లెక్కలు చేసేది. ఆమెది ప్రత్తిపాడు పక్కన చిన్న పల్లె, దూదేకుల ఇల్లు. తండ్రి బుడాన్ ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకేవాడు, పిల్ల చిన్నప్పుడే పోయాడు. తల్లి జానీబీ పత్తి రోజుల్లో చేలకి పోయి, మిరప రోజుల్లో గుంటూరు కొట్లలో రంగు పోయిన తాలుకాయలు ఏరి, కూతురి చేత లెక్కల్లో బీఎస్సీ చేయించింది. ఆ డిగ్రీ పట్టుకుని జైనాబీ ఉద్యోగానికి వస్తే, ఆడపిల్ల ఊళ్ళూ పొలాలూ ఏం తిరుగుతుందని పైవాళ్ళు గొణిగారు. "తిరుగుతుంది లెండి. తిరిగే కదా ఇక్కడిదాకా వచ్చింది" అని బుల్లయ్య గారు తీసుకున్నారు. అప్పుడు కూడా ఆమె మార్కుల కాగితం సరిగ్గా చూశారని చెప్పలేం.

ఆ మాట జైనాబీ బతికున్నంతకాలం మరిచిపోదు. అందుకే ఆమెకి భయం. అంత నమ్మిన మనిషి తన కాగితం మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టి, ఉద్యోగం చివర్లో నవ్వులపాలైతే ఆ పాపం ఎవరికి?

కాగితం కూడా అలాంటిలాంటిది కాదు. మూడేళ్ళుగా నల్లరేగడి ఊళ్ళలో రెండు రకాల పత్తి పక్కపక్కనే వేయించి చూస్తున్నారు. ఆఫీసులో రెండింటికీ నంబర్లున్నాయి. రైతుకి నంబర్లతో పనేముంది? గబగబా పగిలి ఇల్లు చేరేదాన్ని తొందరపత్తి అన్నారు. తాపీగా చివరిదాకా కాస్తూ ఉండేదాన్ని నిదానం పత్తి అన్నారు. రెండింటిలో ఏది మేలో తేల్చి దాని విత్తనమే తొలకరికి పంచాలి. రెండోదాన్ని ఆపేస్తారు. అంటే ఈ కాగితం తప్పైతే మార్టూరు మొదలుకొని ప్రత్తిపాడు దాకా రైతులు ఒక ఏడాది పంట తప్పు విత్తనం మీద పోగొట్టుకుంటారు.

ఊళ్ళ నుంచి వచ్చిన దిగుబడి చీటీలు గోతాల్లో నిండి ఉన్నాయి. అవన్నీ చేత్తో లెక్క కట్టాలంటే తొలకరి కాదు, ఆపై దీపావళి కూడా దాటిపోతుంది. మద్రాసులో ఒక ఇంజనీరింగు కాలేజీకి కంప్యూటర్ వచ్చిందని తెలిసి, బుల్లయ్య గారు జైనాబీని అక్కడికి పంపి ప్రోగ్రాం రాయడం నేర్పించారు. ప్రోగ్రాం అంటే ఏమిటని పక్క బల్ల గుమాస్తా రంజాన్ అడిగితే ఆమె చెప్పింది. "మిషన్ ఒట్టి మొద్దు. ముందు ఇది చెయ్యి, తర్వాత ఇది చెయ్యి అని వరసగా రాసివ్వాలి. రాసింది రాసినట్టు చేస్తుంది. మనం తప్పు రాస్తే ఆ తప్పు కూడా అంతే శ్రద్ధగా చేస్తుంది."

"మన హెడ్ గుమాస్తా లాంటిదన్నమాట" అన్నాడు రంజాన్. అతనికి నోరు కొంచెం ఎక్కువ. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. జైనాబీ మద్రాసులో నేర్చుకున్నదంతా అతనికి నేర్పింది. చీటీల మీది అంకెలన్నీ కాగితాలకి ఎక్కించింది అతనే.

పద్ధతి ఇది. గళ్ళ కాగితాల మీద పెన్సిలుతో ప్రోగ్రాం రాసి, అంకెల కాగితాలతో కలిపి మద్రాసుకి పోస్టులో పంపాలి. అక్కడివాళ్ళు దాన్ని అట్టల మీద చిల్లులుగా పొడిచి మిషన్‌కి మేపుతారు. మిషన్ దగ్గర వీళ్ళ వంతు మార్చి నెలాఖరుకి ఒక్కసారి వస్తుంది. అది తప్పితే మళ్ళీ వంతు వానలు పడ్డాకే.

ప్రయోగక్షేత్రంలో పండిన మడుల అంకెలు తీసుకుని జైనాబీ తన ప్రోగ్రాం చెప్పినట్టు చేత్తో లెక్క కట్టి చూసింది. అణా పైసలతో సహా కలిసింది. ఆ సంగతి చెప్పగానే బుల్లయ్య గారు కలం తీశారు. జైనాబీ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"వద్దు సార్. ఇప్పుడే పెట్టకండి."

"ఏం, తప్పుందా?"

"తెలీదు సార్. అదే భయం."

"నువ్వు రాశావు. నువ్వే సరిచూశావు. లెక్క కలిసింది. ఇంకేం కావాలమ్మా?"

"నేనే రాసి నేనే చూశాను కాబట్టే సార్. నా కంటికి ఒకసారి కనపడని తప్పు పదిసార్లు చూసినా కనపడదు."

బుల్లయ్య గారు కలం మూత పెట్టి వెనక్కి వాలారు. "సరే, వేరేవాళ్ళ చేత చూపిద్దాం. దొరికిన తప్పులు దిద్దుతాం. దొరకనివి ఇంకెన్ని ఉన్నాయో తెలుసుకునేదెలా? అది తెలియకపోతే ఎంత దిద్దినా ఎంత నమ్మాలో తెలీదు కదా?"

జైనాబీకి మిరప కొట్టు గుర్తొచ్చింది. "మా అమ్మ తాలు ఏరే కొట్లో ఆదెమ్మ అని మేస్త్రీ ఉండేది సార్. ఏరడానికి ముందు మిరప రాశిలో తనే కొన్ని తాలుకాయలు కలిపేది. గుర్తుకి తొడిమ కొస గోటితో గిల్లేది. ఏరడం అయ్యాక గంపలో చూసి, గిల్లినవి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టేది. తను కలిపినవాటిలో సగమే వచ్చాయనుకోండి, అసలు తాలు కూడా సగం ఇంకా రాశిలోనే ఉన్నట్టు. మళ్ళీ ఏరమనేది. ఆడవాళ్ళు ఆవిణ్ణి తిట్టిపోసేవాళ్ళు. మా అమ్మ మాత్రం తిట్టేది కాదు. షావుకారు వచ్చి మీరు సరిగ్గా ఏరలేదని కూలి కోస్తానంటే, ఆదెమ్మ ఆ గిల్లిన కాయలే చూపించి నోరు మూయించేది."

బుల్లయ్య గారి మొహం వెలిగింది. "చెరువులో చేపల్ని కూడా ఇలాగే లెక్కిస్తారు. కొన్నిటికి గుర్తుపెట్టి వదిలి మళ్ళీ వల వేస్తారు. నేను పుస్తకంలో చదివి పరీక్ష రాశాను గానీ, దాన్ని ఇలా వాడొచ్చని తోచలేదు. కానియ్యి. తాలు నువ్వు కలుపు. నేనూ రంజానూ ఏరతాం."

అలా మొదలైంది. జైనాబీ ప్రోగ్రామును శుభ్రంగా మరో ప్రతి రాసింది. రాస్తూ రాస్తూ కావాలని పది తప్పులు కలిపింది. ఒకచోట కూడికకి బదులు తీసివేత పెట్టింది. ఒకచోట రెండో ఊరి అంకెలు మొదటి ఊరికి పోయేట్టు రాసింది. అవి ఎక్కడున్నాయో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ ప్రతి తీసుకుని రంజాన్ కిటికీ దగ్గర, బుల్లయ్య గారు తన గదిలో కూచున్నారు. ఆఫీసంతా వచ్చి తొంగిచూసి పోయింది. బుల్లయ్య గారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదువుతున్నారంటే అది వింతే మరి.

వారం గడిచేసరికి ఇద్దరూ కలిసి కలిపిన పదిలో ఎనిమిది పట్టుకున్నారు. రంజాన్ చెరిసగం అంటాడు గానీ ఎక్కువ పట్టింది బుల్లయ్య గారే. అంతటితో అయితే జైనాబీ నవ్వుతూ చేతులు దులుపుకునేది. ఆమె కలపని తప్పులు కూడా నాలుగు దొరికాయి. రంజాన్ వాటిని చదివి వినిపించాడు.

"ఇది కూడా నువ్వు కలిపిందేనా?" అని అడిగాడతను ఒక్కోదానికి.

"కాదు. అది నాదే" అని ఒప్పుకుంటూ పోయింది.

ఒక పక్క సిగ్గు. ఇంకో పక్క ప్రాణం లేచొచ్చినట్టుంది. ఆ నాలుగూ మద్రాసు వెళ్ళి ఉంటే ఏమయ్యేది? తన రాతని ఇద్దరు మనుషులు పని మానుకుని ఇంత పట్టి పట్టి చదవడం ఆమె బతుకులో ఇదే మొదటిసారి.

బుల్లయ్య గారు కాగితం మూల లెక్క వేశారు. "కలిపిన పదిలో ఎనిమిది దొరికాయి. అంటే అయిదింట నాలుగు పట్టుకోగలుగుతున్నాం. నీ అసలు తప్పులు నాలుగు దొరికాయి. ఆ లెక్కన మొత్తం అయిదు ఉండాలి. ఒకటి ఇంకా లోపలే ఉంది."

"ఉందంటారా సార్?"

"అంచనా చెబుతోంది. ఉండొచ్చు, లేకపోవచ్చు. సోమవారం సాయంత్రం మద్రాసు మెయిలుకి కవరు వెళ్ళకపోతే వంతు పోతుంది, ఈ ఏటికి విత్తనమూ ఉండదు." ఆయన కాగితాలు ఆమె వైపు జరిపారు. "శని, ఆదివారాలు నీ దగ్గర ఉంచుకో. సోమవారం నువ్వు సరే అంటే పంపుతాం. వద్దంటే ఆపుతాం."

 జైనాబీ కాగితాలు దొంతర సర్ది సంచిలో పెట్టుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళో ఇంటి వసారాలో, ఆ నాలుగూ దిద్దిన అసలు ప్రతీ అంకెల కాగితాలూ పరుచుకుని కూచుంది. మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి చదివింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సరిగ్గా ఉన్నకొద్దీ ఆమెకి చిరాకు పెరిగింది. అప్పుడే జానీబీ చేలోంచి వచ్చింది, నెత్తిన పత్తి మూటతో. కూతురికి ఉద్యోగం వచ్చినా ఆవిడ చేలకి పోవడం మానలేదు. మానమని కూతురంటే, "జీతం నీది, పరిగె నాది. నా సంపాదన మీద నీ పెత్తనమేంటే" అనేది.

మూట దించి, కొంగుతో మొహం తుడుచుకుని కూతురి పక్కన చతికిలబడింది. కాగితాల మీద దూది పడకుండా జైనాబీ వాటిని జరుపుకుంది.

"ఎవరి చేలోదమ్మా ఇంత పత్తి?"

"ఇంకెవరి చేలోది, సుబ్బరావమ్మ గారి చేలోదే. ఆఖరి తీత ఆవిడ ముట్టుకోదుగా."

జైనాబీ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. సుబ్బరావమ్మ చేను ఆఫీసువాళ్ళు రెండు రకాలూ వేయించిన చేలల్లో ఒకటి.

ఆ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళలో అదొక ఆచారం. పత్తిని మూడు విడతలుగా తీస్తారు. మొదటి తీత, రెండో తీత ఆసామివి. బళ్ళకెక్కించి తూయించి కొట్టుకి పంపుకుంటారు. ఆఖరి తీత చెట్టు మీదే వదిలేస్తారు. ఊళ్ళో పేదింటి ఆడవాళ్ళు పోయి కోసుకుంటారు. దాన్నే పరిగె అంటారు. అడిగేవాడు ఉండడు, ఇచ్చామని చెప్పుకునేవాడూ ఉండడు. బుడాన్ పోయాక జానీబీ ఆ పరిగె దూదినే ఏకి పరుపులు కుట్టి అమ్మింది. తల్లి వెనక చిన్న గోనెసంచి పట్టుకుని మొక్కల మధ్య జైనాబీ కూడా ఎన్ని ఏళ్ళు నడిచిందో.

"అమ్మా, పోయినేడు ఆవిడ ఆఖరి తీత తూయించలేదా?"

"పరిగెని ఎవరన్నా తూస్తారంటే? చదువెక్కువై మతి పోయిందా నీకు?"

జైనాబీ అంకెల కాగితాలు లాగి వెతికింది. సుబ్బరావమ్మ చేను, మూడో తీత, గడి ఖాళీ. ఆ ఊరి చేలు ఇంకా కొన్ని, అన్నిటికీ ఖాళీయే. రంజాన్ బుద్ధిమంతుడు, చీటీలో ఖాళీ ఉంటే ఖాళీగానే ఎక్కించాడు. కానీ మిషన్‌కి ఖాళీ అంటే తెలీదు. ఏమీ రాయని చోట సున్నా ఉందనుకుని చదువుకుపోతుంది. ఆ సంగతి మద్రాసులో మొదటి వారమే చెప్పారు, ఆమె బుద్ధిగా విన్నది కూడా. విని ఏం లాభం? సుబ్బరావమ్మ చేలో ఆఖరున ఒక్క కాయ కూడా పగల్లేదని మిషన్ నమ్ముతుంది. ఆ సున్నాని కలిపి సగటు కడుతుంది. చివరిదాకా కాసే నిదానం పత్తి తొందరపత్తి కంటే ఎక్కువ నష్టపోతుంది.

ప్రయోగక్షేత్రానికి ముళ్ళకంచె ఉంది. అక్కడ పరిగెకి ఎవరూ రారు, మూడు తీతలూ తూస్తారు. అందుకే చేత్తో చూసిన లెక్క అంత ముచ్చటగా కలిసింది. కావాలని తప్పులు కలిపేటప్పుడు కూడా ఆమెకి ఇది తట్టలేదు. కూడికలూ తీసివేతలూ తట్టాయి గానీ, చిన్నప్పుడు తను మోసిన పరిగె సంచి తట్టలేదు.

నిదానం పత్తి ఆగిపోతే ఏమవుతుందో ఆమెకి వెంటనే తెలిసింది. తొందరపత్తి అంతా ఒక్కసారే పగిలి బండెక్కుతుంది. చివరికి చెట్టు మీద పుల్లలు తప్ప ఏమీ మిగలదు. పరిగె ఉండదు. పరిగె తిని పెరిగిన పిల్ల పరిగెని సున్నా అని రాసి పంపబోయింది. జైనాబీకి ఏడుపొచ్చింది. తల్లి చూస్తోందని కూడా ఆపుకోలేదు.

జానీబీ కంగారుపడింది. సంగతి రెండు ముక్కల్లో చెప్పాక, "అయితే పద, ఆవిణ్ణే అడుగుదాం" అని లేచింది.

సుబ్బరావమ్మకి అరవై ఏళ్ళుంటాయి. భర్త పోయాక చేను తనే చూసుకుంటోంది. ఆవిడ మామూలుగా మాట్లాడితే పక్క వీధికి వినపడుతుంది. అరుగు మీద కూచుని కందులు చెరుగుతోంది.

"ఏమే జానీ, ఇప్పుడేగా పోయావు. పత్తి చాల్లేదా?"

"పత్తి కోసం కాదమ్మగారూ. మా పిల్ల ఏదో అడుగుద్దంట."

జైనాబీ అడిగింది. సుబ్బరావమ్మ చేట పక్కన పెట్టింది.

"ఇచ్చేదాన్ని తూస్తామంటే అమ్మాయ్? మా అత్తగారు తూయలేదు. నేనూ తూయను. ఆ చీటీల అబ్బాయి వస్తే రెండు తీతలు రాయించి, మూడోది వదిలెయ్యమన్నా."

"ఈ ఏటి పరిగె ఒక్కసారి తూయిస్తే, పోయిన ఏళ్ళది అంచనా కట్టొచ్చు పెద్దమ్మా. మీ నిదానం పత్తికి ఇంకా మంచి పేరొస్తుంది."

 జానీబీ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తూయొద్దే" అంది మెల్లగా.

సుబ్బరావమ్మ కూడా గొంతు తగ్గించింది, అది ఆవిడకి చేతకాని పని. "మా పెద్దాడు గుంటూరులో కొట్టు పెట్టాడు. వాడికి ప్రతిదీ లెక్కే. పరిగె ఎంతుంటదో వాడికి తెలీదు కాబట్టి ఊరుకుంటన్నాడు. ఇంత అని కాగితం మీద పడిందనుకో, ఇంత ఎందుకు వదిలేస్తన్నావమ్మా అంటాడు. పై ఏడు చేలో కాపలా పెడతాడు. వీళ్ళని గట్టు ఎక్కనిస్తాడా? తూయించమాకు అమ్మాయ్. నీ మిషన్‌కి వేరే ఏదన్నా చెప్పుకో."

ఆవిడ చివరి మాట జైనాబీకి చాలింది. పరిగె ఎంతో తెలియాల్సిన పనే లేదు. తెలియదన్న సంగతి మిషన్‌కి తెలిస్తే చాలు.

సోమవారం పొద్దున్నే బుల్లయ్య గారి ముందు నిలబడి అంతా చెప్పింది. ఏడ్చిన సంగతి తప్ప. ఆయన బల్ల మీద చేత్తో కొట్టి నవ్వారు.

"దొరికింది చూశావా? లోపల ఉన్న ఆ ఒక్కటీ ఇదే. మరి ఆ పత్తి తూయించమందామా?"

"వద్దు సార్." ఎందుకు వద్దో కూడా చెప్పింది. "తూచని చోట ఖాళీ వదలకుండా మైనస్ ఒకటి అని రాద్దాం. పత్తి బరువు ఎక్కడా మైనస్ ఉండదు. మైనస్ కనపడితే ఆ తీత లెక్కలో ఆ చేను కలపకు అని ప్రోగ్రాంలో రాస్తాను. మిషన్ దాన్ని సున్నా అనుకోదు. ఎంతో చెప్పమని మనల్నీ అడగదు."

బుల్లయ్య గారు ఒక ఖాళీ గడి మీద వేలు పెట్టారు. "తెలియనిదాన్ని తెలియదని రాయాలి. సున్నా అని రాస్తే అబద్ధం. నలభై ఏళ్ళు ఇదే పనిలో ఉన్నాను, ఇంత సులువుగా చెప్పుకోలేదు ఎప్పుడూ. రాసుకురా."

రంజాన్ ఖాళీ గళ్ళన్నీ వెతికి మైనస్‌లు పెట్టాడు. పెడుతూ, "ఇంతకాలం మన ఆఫీసు ఖాళీలకి విలువ లేదనుకున్నాను" అని ఊరుకున్నాడు. మధ్యాహ్నానికి జైనాబీ కొత్త వరసలు రాసి తీసుకెళ్ళింది. పోస్టాఫీసుకి ఇంకా టైముంది. బుల్లయ్య గారు కలం కాకుండా కళ్ళజోడు అందుకున్నారు.

"ఇందులో ఎన్ని కలిపావు?"

"ఒక్కటీ కలపలేదు సార్. టైము లేదు."

"ఆ సంగతి నువ్వు చెప్పకూడదు. నేను చదవాలి."

చదివారు. ఒక్కో వరస కింద వేలు పెట్టి, పెదవులు కదిపి చదివారు. జైనాబీ నిలబడే ఉంది. కూచోమని కూడా ఆయనకి గుర్తు లేదు. ఒకచోట వేలు ఆగింది.

"తూచని చేను బరువు కలపొద్దన్నావు, బాగుంది. చేలు ఎన్నని లెక్కపెట్టేటప్పుడు మాత్రం దాన్ని లెక్కపెట్టేశావు. తొమ్మండుగురు తిన్న అన్నాన్ని పదిమందితో భాగించినట్టు. సగటు మళ్ళీ తగ్గుతుంది కదా?"

జైనాబీ వంగి చూసింది. నిజమే. తొందరలో ఆ ఒక్క వరస దాటేసింది. మళ్ళీ అదే నష్టం, వేరే దారిలో.

ఆమె దిద్ది తెచ్చింది. ఆయన మళ్ళీ చదివారు. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు. సంతకం పెట్టారు. పైన 'చదివి చూశాను' అని రాశారు. ఆ మాట ఆ ఆఫీసులో ఏ కాగితం మీదా అంతకుముందు లేదు.

"సార్, ఒక మాట" అంది జైనాబీ. "నన్ను నమ్మి ఉద్యోగంలోకి తీసుకున్నారు. దానికి మీకెప్పుడూ రుణపడే ఉంటాను. కానీ ఇవాళ మీరు నన్ను నమ్మకుండా చదివారు. దీనికి ఇంకా ఎక్కువ రుణపడి ఉంటాను."

బుల్లయ్య గారు కాగితాలు కవర్లో పెట్టి ఆమె చేతికిచ్చారు. "వెళ్ళమ్మా, పోస్టు వెళ్ళిపోతుంది" అన్నారు.

కవరు వెళ్ళింది. ఏప్రిల్లో మద్రాసు నుంచి లెక్కలు మడతలు మడతలుగా వచ్చాయి. మూడు తీతలూ తూచిన చేలన్నిటిలో నిదానం పత్తే ముందుంది. అనుమానం తీరక బుల్లయ్య గారు నాలుగు ఊళ్ళ అంకెలు తీసుకుని, ఖాళీకి సున్నా వేసి చేత్తో కట్టి చూశారు. అలాగైతే తొందరపత్తి గెలిచేది. ఆ కాగితం ఆయన జైనాబీకి చూపించి, చించి బుట్టలో వేశారు.

తొలకరికి విత్తనాల బస్తాలు ప్రత్తిపాడు వచ్చాయి. పంచడానికి జైనాబీ కూడా వచ్చింది. సుబ్బరావమ్మ బండి కట్టించుకుని స్వయంగా వచ్చి, బస్తా మీద చెయ్యి వేసి గట్టిగా అడిగింది.

"ఏమే అమ్మాయ్, మా చేను గురించి ఆ మద్రాసు మిషన్ ఏమందంట?"

జైనాబీ ఆ చేను తాలూకు కాగితం ముక్క సంచిలోంచి తీసి ఇచ్చింది. సుబ్బరావమ్మకి అంకెలు చదవడం వచ్చు. మొదటి తీత చదివింది, రెండో తీత చదివింది. మూడోదాని దగ్గర కళ్ళు చికిలించింది.

"ఇదేంటే, గీత గీసి ఒకటి వేశారు? మేమేమన్నా బాకీనా?"

"బాకీ కాదు పెద్దమ్మా. ఇక్కడ తూచకుండా ఇచ్చారు అని దానర్థం. దాన్ని సున్నా అనుకోవద్దని మిషన్‌కి రాసిచ్చాం."

"మరి ఎంత ఇచ్చామో దానికి తెలుసా?"

"తెలీదు. నాకూ తెలీదు. ఎంతో తెలీదు గానీ, అది తినే చదువుకున్నాను పెద్దమ్మా. నేను మీకు ఎప్పుడూ ఈ మాట చెప్పలేదు."

సుబ్బరావమ్మ ఆ గీతనీ ఒకటినీ వేలితో తడిమింది.  కాగితాన్ని చిన్న మడత పెట్టి రొంటిన దోపుకుంది.

"మా పెద్దాడికి చెప్పమాకు" అని, బస్తా ఎత్తమని బండివాణ్ణి కేకేసింది.